పడుగు తడిగా ఉన్నంతసేపు

మా తోడల్లుడు పోయాడన్న కబురు అందినప్పుడు నేను వేలూరు బజారులో నూలు బేరమాడుతున్నాను. మా ఊరు గుడియాత్తం నుంచి బండిలో వచ్చిన మనిషి అంగడి మెట్టు దగ్గరే నిలబడి, "మీ షడ్డకుడు తెల్లారేసరికి లేడప్పా. జ్వరం దిగనే లేదు" అన్నాడు. నాకంటే ముందు ఏడ్చింది ఆ నూలు షావుకారు. తూకంలో ఉన్న నూలు దించేసి, తక్కెడ మూలకు పెట్టి, అంగడి తలుపు ఓరగా మూశాడు. ఎన్నో ఏళ్లుగా ఆ అంగడికి పోతున్నాను. ఒక్కనాడు నన్ను కూర్చోమన్న పాపాన పోలేదు ఆ మనిషి. బండిలో తిరిగి వస్తూ దారిపొడవునా నాకు ఒకటే ఆలోచన: నేను పోతే ఈ తక్కెడ దిగుతుందా?

చూశారా, చావు కబురులో కూడా నాకు అసూయే. వాడి గురించి నాలుగు మాటలు రాయమని మా వీధి సంఘం వాళ్లు అడిగారు. రాస్తాను గాని, తేనె పూసి రాయడం నాకు చేతకాదు. 'వాడు' అంటున్నానని ఎవరూ ముఖం చిట్లించుకోవద్దు. అక్కను నేను చేసుకున్నాను, చెల్లెల్ని వాడు చేసుకున్నాడు. నాకంటే చిన్నవాడు. అన్నిటిలో నన్ను దాటినట్టే పోవడంలోనూ దాటిపోయాడు.

నేతలో మాత్రం వాడు నా కాలిగోటికి చాలడు. ఇది నా గొప్ప కాదు, వాడే చెప్పేవాడు. నేను నేసిన కైలీ లుంగీ అంచు పదిమందిలో ఎత్తి చూపి, "అన్న చెయ్యి పడితే గుడ్డ మాట్లాడతాది" అనేవాడు. అలా పొగిడినప్పుడు ఇంకా మండేది. మగ్గాలు నాకే ఎక్కువ. పెంకుటిల్లు నాది. అయినా వీధిలో ఏ తగువు వచ్చినా జనం నా గడప దాటుకుని వాడి పూరింటికే పోయేవారు. "మీ కడుపుమంటకు కుండెడు మజ్జిగ కూడా చాలదు" అనేది మా ఆవిడ.

నేత తెలియనివారికి ఒక మాట చెప్పాలి. పడుగును, అంటే గుడ్డలో నిలువుగా నడిచే నూలును, మగ్గానికి ఎక్కించేముందు వీధి పొడవునా సాగదీసి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వాలి. ఎండ ముదరకముందే ముగించాలి. లేకపోతే పోగులు అతుక్కుపోయి పడుగంతా పాడైపోతుంది. ఒక ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదది. అందుకే వాడు సంఘం పెట్టినప్పుడు కాగితాలతో మొదలుపెట్టలేదు, పడుగుతో మొదలుపెట్టాడు. ఎవరి పడుగు వీధిలో పడినా అందరూ చేతిలో పని వదిలి రావాలి. పొద్దున్నే వీధి మొదట్లో నిలబడి, "రాండప్పా, పడుగు పడినాది!" అని కేకేసేవాడు. బొంగురు గొంతు. ఆ గొంతుకే తలుపులన్నీ తెరుచుకునేవి. ఆ పిలుపు ఒక్కసారైనా నాది కావాలని నేనెంత ఆశపడ్డానో దేవుడికి తెలుసు.

ఇంకో కట్టుబాటు కూడా పెట్టాడు. పడుగు తడిగా ఉన్నంతసేపు ఎవరూ పగ మాట్లాడకూడదు. గోడ తగాదాతో ముఖాలు చూసుకోని అన్నదమ్ములుంటే, వాళ్లను కావాలనే పడుగుకు అటొకణ్ణి ఇటొకణ్ణి నిలబెట్టేవాడు. నడుమ పోగు తెగితే ఒకడు అందించాలి, ఒకడు అతకాలి. "ముందు పోగు చూడండి నాయనా. ఆరినాక కొట్టుకోండి, నేనే గొడుగు పట్టుకోని నిలబడతా" అనేవాడు. పడుగుతోబాటే సగం కోపాలు ఆరిపోయేవి. మిగిలినవి సంగటి వేళకు చల్లబడేవి. ఇంత సులువైన ఉపాయం నాకెందుకు తట్టలేదా అని తలుపు సందులోంచి చూస్తూ పళ్లు కొరుక్కునేవాణ్ణి.

అవును, తలుపు సందులోంచే. నేను సంఘంలో చేరలేదు. ఒడుగత్తూరు వైపునుంచి కూలి మనుషులను తెచ్చుకున్నాను. వాడు పిలిస్తే నేను పరిగెత్తడమా!

అంతలో దొరల సీమలో యుద్ధం వచ్చింది, అక్కణ్ణుంచి ఓడల్లో రంగులు రావడం నిలిచిపోయింది. మా ఊరి కైలీలకు రంగే ప్రాణం. "రంగు వచ్చినాక రాండి" అని నా కూలీలను పంపేశాను. పని లేకుండా ఎవరు మాత్రం పెట్టుకుంటారు? వాడు సంఘాన్నంతా తన వాకిట్లో కూర్చోబెట్టాడు. ఒక ముసలాయన లేచి, "రంగు లేకుంటే మనం యాడికి పోవాల? పొన్నైలో మా అల్లుని చేన్లో పని ఉండాది, నేను పోతాండా" అన్నాడు.

"పో మామా, వద్దనను. కానీ రంగు పోతే మళ్లా వస్తాది. మనుషులు చెదిరిపోతే రారు" అన్నాడు వాడు. "అంతవరకు తెల్లగుడ్డ నేద్దాం. ఉండే నూలు అందరి మగ్గాలకూ రవ్వంత రవ్వంత. ఏ మగ్గమూ ఆగకూడదు, అంతే."

ముసలాయన మళ్లీ కూర్చున్నాడు. తెల్లగుడ్డకు గిట్టుబాటేముంది, నా మొహం! అని నేను నవ్వుకున్నాను. ఆ వీధి గంజి తాగి బతికింది నిజమే. మగ్గాల చప్పుడు మాత్రం ఒక్కరోజు ఆగలేదు.

రంగు తిరిగి వచ్చింది. నా కూలీలు రాలేదు, బంగారు గనులకని పోయినవాళ్లు అటే ఉండిపోయారు. దొరికిన కొత్తవాళ్లతో ఒక పొద్దున పడుగు వీధిలో పరిచాను. వాళ్ల చేతికి కుంచె కొత్త. గంజి పెట్టడం సగమైందో లేదో మబ్బు కమ్ముకొచ్చింది. వీధి ఆ చివర వాడి పడుగు కూడా పడి ఉంది, సంఘమంతా అక్కడే ఉంది. నేను పిలవలేదు. ఏ ముఖంతో పిలుస్తాను?

వాడు ఇటు చూశాడు. కుంచె పైకెత్తి, "రాండప్పా, పడుగు పడినాది!" అని కేకేశాడు.

"మీది ఇంకా తడిగా ఉండాదే అన్నా!" అని ఎవరో అన్నారు.

"నాది ముతక నూలు, ఓర్చుకుంటాది. అన్న నూలు సన్నది, తాళదు. రాండి."

"ఆయప్ప సంఘంలో లేడు గదా" అని ఇంకొకడు గొణిగాడు.

"పడుగు తడిగా ఉండాది. నోరు మూసుకో" అన్నాడు వాడు.

వీధంతా నా పడుగు మీదికి వచ్చింది. చినుకు పడేలోపల నాది దువ్వి, చుట్టి ఇంట్లో పెట్టారు. వాడిది నిలువునా తడిసిపోయింది. వాన వెలిశాక పోయి చూస్తే అతుక్కున్న పోగులు ఒక్కొక్కటే విడదీసుకుంటూ కూర్చున్నాడు. "నీకెవరు చేయమన్నారు?" అన్నాను. నా నోటికి అంతకంటే మంచి మాట రాలేదు.

తల ఎత్తకుండానే, "నువ్వు పిలిచింటే ఇంకా బాగుండు అన్నా" అన్నాడు.

మరుసటి రోజు సంఘంలో చేరాను. కృతజ్ఞత ఉందా అంటే ఉంది. దాని పక్కనే అసూయ కూడా చాప వేసుకుని కూర్చుంది. తిట్టుకోవడానికి కూడా సందు ఇవ్వని మనిషి తోడల్లుడుగా దొరకడం ఎంత ఖర్మ!

కర్మలు ముగిసిన మరునాడు పొద్దున మా ఎదురింటివాళ్ల పడుగు వీధిలో పడింది. గంజి కుండ సిద్ధంగా ఉంది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఎదురింటాయన చేతులు నలుపుకుంటూ నా దగ్గరికి వచ్చి, "మామా, మీరు పిలవండి" అన్నాడు.

వీధి మొదట్లో, వాడు నిలబడేచోటే నిలబడ్డాను. గొంతు సవరించుకుని, "రాండప్పా, పడుగు పడినాది!" అని కేకేశాను. నా గొంతు బొంగురు కాదు, వీధి చివరిదాకా గణగణమని పోయింది. తలుపులన్నీ తెరుచుకున్నాయి. అందరూ కుంచెలు పట్టుకుని వచ్చారు, ఒక్కరూ తగ్గలేదు. వచ్చిన ప్రతి మనిషీ ముందు వాడి గుమ్మం వైపు చూశాడు. మా మరదలు లోపలినుంచి తలుపు తీసి, వాడి కుంచె చేత్తో పట్టుకుని, ఎవరు పిలిచారా అని వీధిలోకి చూసింది.

పిలిచింది నేనే. నేనూ వాడి గుమ్మం వైపే చూస్తున్నాను.