దలా గట్టు కింద మోగినవి

మా తమ్ముడి భార్యకు గోంగూర మడిలో ఒక రాగి నాణెం దొరకడంతో ఇదంతా మొదలైంది.

తమ్ముడు సరుకు పడవల మీద ఇంజన్ మెకానిక్కు. నెలలో సగం రోజులు నీళ్ళ మీదే ఉంటాడు. మరదలు ఏటి అవతలి ఒడ్డున దలాలో, గట్టుకు ఆనుకున్న కౌలు నేలలో కూరగాయలు పండిస్తుంది. గోంగూర బర్మా వాళ్ళూ తింటారు, మేమూ తింటాం కాబట్టి అమ్ముకోడానికి ఇబ్బంది లేదు. నేను ఇవతల ఒడ్డున, నగరంలో, సంచౌంగ్‌లో ఉంటాను. ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు. పాత నాణేలు పోగుచెయ్యడం తప్ప నాకు వేరే వ్యాపకం లేదని మా వాళ్ళు నవ్వుతారు.

వానలు వెనకపట్టిన రోజుల్లో మరదలు ఫెర్రీ దాటి మా గదికి వచ్చింది. రుమాలు విప్పి నాణెం నా అరచేతిలో పెట్టింది. ఒక పక్క పూర్తిగా అరిగిపోయింది. రెండో పక్క ఒక కిరీటం ఆనవాలు మాత్రం మిగిలింది.

"ఇంకా ఉన్నాయా అక్కడ?" అన్నాను.

"ఉంతాయి ఒదినా. గట్టు ఇరిగిపడినప్పుడల్లా ఏదో ఒకటి అవుపడతన్నాది. మేకులు, సీసా పెంకులు, ఇటికిముక్కలు. మన ముసిలోళ్ళ లైన్లు ఉండీవి గదా అక్కడ."

లైన్లంటే కూలీల వరస ఇళ్ళు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడ ఎక్కి వచ్చి, రేవులో బస్తాలు మోస్తూ ఆ వరసల్లోనే ఉన్నాడని నాన్న చెప్పేవాడు. ఇప్పుడక్కడ ఒక్క గోడ కూడా లేదు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆ మట్టిలో ఇంకా ఏమేం ఉన్నాయో అనే ఆలోచనే. తెల్లారేసరికి మెటల్ డిటెక్టర్ కొనాలని తేల్చుకున్నాను.

నగరంలోనే లతా పేటలో బ్యాటరీలు, ఇన్వర్టర్లు అమ్మే ఒక ఇరుకు దుకాణం ఉంది. యజమాని నా వయసువాడే. ఎగువన ఇసుకలో బంగారం జల్లించేవాళ్ళ కోసం డిటెక్టర్లు కూడా తెప్పిస్తాడు. ఊరికే మాటలు విని కొనడం నాకిష్టం లేక, సంచిలో ఒక రాగి నాణెం, ఒక తుప్పుమేకు, ఒక సోడాసీసా మూత, అమ్మ వెండి మెట్టె పట్టుకెళ్ళాను. అవి గచ్చు మీద పరిస్తే అతను చూపించిన మూడు యంత్రాలూ ఒకటే గోల పెట్టాయి.

"గచ్చులో ఇనుప చువ్వలున్నాయి అమా," అని నవ్వి, వాటిని చెక్కబల్ల మీదికి మార్చాడు. అమా అంటే బర్మీస్‌లో అక్క. మేం ఆ భాషలోనే మాట్లాడుకున్నాం.

మొదటిది చవకరకం. మేకుకీ మెట్టెకీ ఒకేలా కూసింది. రెండోది బంగారం వెతికేది. ఇసుకరేణువంత ముక్కనైనా పట్టుకుంటుందట. నేను దలా పేరు చెప్పగానే అతను దాన్ని వెనక్కి జరిపేశాడు. "పోటుకి ఉప్పునీళ్ళు లోపలికి వస్తాయి. ఆ తడిమట్టే దీనికి లోహంలా వినిపిస్తుంది. రోజంతా మట్టిని తవ్వుకుంటారు." మూడోది ఒకేసారి చాలా రకాల తరంగాలు పంపుతుంది. ఇనుముకు బొంగురుగా, రాగికి కాస్త పైగా, వెండికి సన్నగా పలికింది. చిన్న తెర మీద ఒక్కోదానికి ఒక్కో అంకె పడింది.

కింద తగిలించే, లోహాన్ని పసిగట్టే పళ్ళెం పెద్దది తీసుకుందామనుకున్నాను. అతను వద్దన్నాడు. "పెద్దది లోతుకి పోతుంది. కానీ దగ్గరదగ్గరగా ఉన్న రెంటిని ఒకటిగా చెబుతుంది. మీకు మేకులున్న నేల. చిన్నదైతే దేనికది విడదీసి చెబుతుంది." తర్వాత ఒక మీట చూపించాడు. "ఇది నొక్కితే ఇనుము వినపడదు. మీరు మాత్రం నొక్కకండి."

"ఎందుకు?"

"పాత యుద్ధంనాటి బాంబులు ఆ గట్ల కింద ఇంకా ఉంటాయి. పెద్ద ఇనుము మోగితే తవ్వకుండా వెనక్కి నడిచి వచ్చెయ్యండి. వినపడకపోతే ఎలా వస్తారు?"

నేను యంత్రాన్ని చేత్తో పట్టుకుని బరువు చూస్తున్నాను. పళ్ళెం అతని వైపు తిరిగింది. సన్నటి మోత మొదలైంది. బల్ల మీద ఏమీ లేదు. పక్కకు జరిపితే ఆగింది. మళ్ళీ అతని తొడ దగ్గరికి తెస్తే మోగింది.

"అది నా కాలు," అన్నాడు.

"లోపల ఏముంది?"

అతను వంగి తెర మీద అంకె చూశాడు. "తూటా ముక్క. ఇనుమనుకున్నాను ఇన్నాళ్ళూ," అన్నాడు నెమ్మదిగా. "ఇది ఇనుము కాదు." హెడ్‌ఫోన్లు, గుంటలో చెయ్యి పెట్టి వెతకడానికి పొట్టి కర్రలాంటి పిన్‌పాయింటర్, చేతిపార, మీటలపెట్టెకు వానతొడుగు మూటగట్టి ఇచ్చాడు. ఆ మూడో యంత్రాన్ని మాత్రం గేలం కర్రల సంచిలో పెట్టాడు. వీధివీధినా సైనికుల తనిఖీలున్న ఈ రోజుల్లో అలాంటిది బయటికి కనిపించేలా పట్టుకుని ఊళ్ళో తిరగడం మంచిది కాదని అతను చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా.

సెలవురోజు పొద్దున ఫెర్రీ ఎక్కాను. పొగమంచుకి అవతలి ఒడ్డు కనిపించలేదు. తెల్లపిట్టలు పడవ చుట్టూ అరుస్తున్నాయి కానీ ఒక్కటీ కంటికి ఆనలేదు.

మరదలు నా సంచి చూసి, "ఒలమ్మో, సేపలు పడతావేటి?" అని నవ్వింది. యంత్రం బిగించాక ముందు గోంగూర మడులు చూశాను. లెక్కల పంతులమ్మని కాబట్టి తాడు కట్టి, ఒక గీత వదలకుండా మొత్తం నేలంతా తుడిచాను. మేకులు, వలకు కట్టే సీసపు గుళ్ళు, సీసామూతలు, ఒక ఇత్తడి బొత్తాం వచ్చాయి. అన్నీ ఏరేశాక మళ్ళీ ఒకసారి తుడిచాను. మడులు నిశ్శబ్దంగా ఉన్నాయి.

అన్నం తిన్నాక గట్టు అంచుకు వెళ్ళాం. అక్కడ మడులకూ ఏటికీ మధ్య సన్నటి పట్టీలా నేల ఉంది. ఇంతకుముందు కౌలుకున్నవాళ్ళు ఇంటి అరుగుల కోసం అక్కడి పైమట్టి తవ్వి పట్టుకుపోయారట. పొగమంచు విడిచిపోయింది. ఎండ నిట్టనిలువుగా ఉంది. ఏరు ఆటుకి వెనక్కి తగ్గి, బురద నిగనిగలాడుతోంది. ఎక్కడా మనిషి అలికిడి లేదు.

హెడ్‌ఫోన్లలో సన్నటి మోత వినిపించింది. బల్ల మీద మెట్టె పలికినట్టే.

మరదలు బొరిగతో తవ్వింది. మోచేతి లోతుకి నల్లటి చిన్న వలయం వచ్చింది. నీళ్ళలో కడిగితే వెండి, రాగి కలిసిన కడియం. నా రెండు వేళ్ళు మాత్రమే పట్టాయి.

"పసిగుంటది," అంది మరదలు ముచ్చటగా. గుంటంటే మా మాటలో పిల్ల. "ఒకటేటి, రెండోది కూడా ఉండాల. సూడు."

రెండోది పక్కనే ఉంది. ఒక జానెడు దూరం కూడా లేదు. దాన్ని తవ్వేలోపు చుట్టూ ఇంకేమున్నాయో చూద్దామని, మోగినచోటల్లా వెదురుపుల్ల గుచ్చుకుంటూ వెళ్ళాను. కాస్త పైకి, ఇంటివైపు జరిపితే మధ్యలో ఒకటి మోగింది. ఇంకాస్త పైకి, ఎడమపక్క ఒకటి. కుడిపక్క ఒకటి. ఆ తర్వాత ఏమీ లేదు.

నేను అంకెలు చూసుకుంటున్నాను. అన్నీ ఇంచుమించు ఒకటే. తలెత్తి చూస్తే మరదలు రెండడుగులు వెనక్కి వేసి, నేల వైపు చూస్తోంది.

"ఒదినా," అంది. "ఇది పడుకున్నాది."

నేను లేచి నిలబడ్డాను. అప్పుడు కనిపించింది. కింద మేం తవ్విన గుంట, దాని పక్కన ఒక పుల్ల, నడుం దగ్గర ఒకటి, అటూ ఇటూ చేతుల దగ్గర రెండు. కాళ్ళకు కడియాలు, మొలకు బిళ్ళ, చేతులకు మురుగులు. నా మూర కంటే కొంచెం పొడవు.

గుంటలోకి వంగి చూశాను. ఎముక ముక్క కూడా లేదు. పసిపిల్లల ఎముకలు తడిమట్టిలో నిలవవని ఎక్కడో విన్నాను. తొడిగినవి మాత్రం తొడిగినచోటే ఉన్నాయి. నా చేతిలో ఉన్న కడియం ఎండకి వేడెక్కింది. దాన్ని పట్టుకోనూ లేక, కింద పెట్టనూ లేక అలాగే నిలబడ్డాను.

"మనోళ్ళు సిన్నగుంటల్ని కాల్చరు గదా," అంది మరదలు. "పాతెడతారు. ఒంటిమీదవి తియ్యరు."

నాన్నకు ముందు పుట్టి పోయినవాళ్ళు ఇద్దరున్నారని నాకు తెలుసు. వాళ్ళకు పేర్లు కూడా పెట్టలేదట. ఎక్కడ పెట్టారో నాన్న ఎప్పుడూ చెప్పలేదు.

అక్కడితో ఆపెయ్యాల్సింది. కానీ యంత్రం నా చేతిలోనే ఉంది, నేను నాలుగడుగులు పక్కకు వేశాను. మోగింది. పక్కన మరోటి. పైన ఒకటి. ఇంకా పక్కకు వెళ్ళాను. మళ్ళీ అదే వరస. కొందరికి చేతుల దగ్గర ఏమీ లేదు, కొందరికి మొల దగ్గర లేదు, కానీ కాళ్ళన్నీ ఏటివైపే. అంచు దాకా పోయేసరికి చివరిదానికి మొల దగ్గర ఒకటే మోగింది. కాళ్ళు ఉండాల్సినచోట గట్టు లేదు. కింద బురద ఉంది.

హెడ్‌ఫోన్లు తీసేశాను. తీసినా ఆ సన్నటి మోత చెవిలో కాసేపు అలాగే ఉంది.

కడియాన్ని ఎక్కడిదక్కడ పెట్టి మట్టి కప్పాం. మరదలు ఇంట్లోకెళ్ళి గిన్నెడు పాలు తెచ్చి, ఏ ఒక్కరినీ వదలకుండా వరసంతా పోసింది. చివరికి ఆమే, "ఇంకెవలూ తవ్వరు, పడుకోండి," అంది. వెదురుపుల్లలన్నీ పీకేశాను.

తమ్ముడు పడవ దిగి వచ్చాక సంగతంతా చెప్పాం. అతను గట్టు దాకా వెళ్ళి, దూరం నుంచే చూసి వచ్చాడు.

"వచ్చే వానలకి ఏరు తినేత్తాది అక్కా," అన్నాడు. "తీసి ఇంకోచోట పెడదామా?"

"పాతిపెట్టినోళ్ళని మళ్ళీ లేపుతామేటి?" అని మరదలు కసిరింది. ఏమీ కదపకూడదనే అనుకున్నాం. కంచె ఇవతలికి జరిపి, ఆ పట్టీ మీద ఎవరూ తిరక్కుండా చేశాం. ఆ యంత్రాన్ని నేను సంచిలో కట్టి మంచం కిందకి తోసేశాను.

ఆ వానాకాలం ఏరు గట్టును బాగా కోసేసింది. ఆ పట్టీ దాదాపు అంతా పోయిందని మరదలు ఫోన్లో చెప్పింది. చెప్పి, "ఒకసారి రా ఒదినా, ఆ మోగేది కూడా అట్టుకురా," అంది.

"ఎందుకు?"

"రా. సెప్తాను."

వెళ్ళాను. ఇంటికి దగ్గరగా ఉన్న గోంగూర మడి ఎందుకో ఈసారి వెయ్యలేదు. మట్టి చదునుగా ఉంది. ఏడాది కిందట నేను తాడు కట్టి రెండుసార్లు తుడిచిన మడి అది.

"ఇక్కడ సూడు," అంది.

"ఇక్కడేం లేదు కదా. మనమే చూశాం."

"సూడు."

హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు. మోత బయటికే వినపడింది. ఒకటి. పక్కన మరోటి. పైన మధ్యలో ఒకటి. ఆపైన రెండు. నేను యంత్రాన్ని ఎత్తి పట్టుకుని మరదలి వైపు చూశాను. ఆమెకు ఆశ్చర్యం కలిగినట్టు లేదు.

"నీకెలా తెలుసు?"

"మొక్కలేత్తంటే సెయ్యి ఆడలేదు. అంతే."

మడి పక్కకు వెళ్ళాను. అక్కడ ఇంకో వరస మోగింది. కాళ్ళు ఏటివైపే, తలలు ఇంటివైపు.

ఆ రోజే దుకాణానికి ఫోన్ చేశాను. అతను ఓపిగ్గా విన్నాడు. వానలకు నానిన నేలలో లోతువి బాగా పలుకుతాయని, పోయినసారి యంత్రాన్ని ఆ నేల తడికి తగ్గట్టు కుదిర్చి ఉండకపోవచ్చని చెప్పాడు. లైన్ల కాలంలో ఆ నేలంతా పాతిపెట్టే చోటే అయ్యుండొచ్చు, అనుకున్నాను నేను. అవన్నీ నిజమే కావచ్చు. నేను లెక్కలు చెప్పేదాన్ని, అలాంటి జవాబే నాకు కావాలి. కానీ ఆ మడిని రెండుసార్లు తుడిచింది నేనే. అది ఎంత నిశ్శబ్దంగా ఉందో విన్నది కూడా నేనే.

సాయంత్రం ఫెర్రీకి బయల్దేరేముందు మరదలిని అడిగాను. అడగడానికి నాకే భయమేసింది.

"వచ్చే ఏడు వాళ్ళు ఇంకా లోపలికి వస్తేనో?"

ఆమె గడపలో కూర్చుని గోంగూర ఆకులు తుంపుతోంది. నా వైపు చూడకుండానే అంది. "ఒత్తే రానీ ఒదినా. అక్కడ ఏరు తినేత్తన్నాది గదా, ఎక్కడికెల్తారు? ఇల్లు ఉన్నాది."

ఆకులు తీసుకుని లోపలికెళ్ళి పొయ్యి ముట్టించింది. కాసేపటికి పొగ బయటికొచ్చింది. నేను చెప్పులేసుకుని, ఆ మడి మీదుగా కాకుండా చుట్టూ తిరిగి, రేవు వైపు నడిచాను.