ముట్లు ఆగిన వయసు

దేశం దాటొచ్చి నేనుంటున్న ఊరు బాతెల్‌లో, ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గర కూర్చున్నాను. దగ్గు తగ్గక తీసిన స్కాన్‌లో కుడి ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనబడింది. జన్మలో సిగరెట్ ముట్టినదాన్ని కాదు, అందుకే భయం కంటే ముందు ఒళ్ళు మండింది. చేతికిచ్చిన ఫారం చూశాక ఇంకా మండింది. రజస్వల అయిన వయసు, కాన్పులు, హార్మోన్ మాత్రలు, ముట్లు ఆగిన వయసు. బోడిగుండుకీ మోకాలికీ ముడి అనుకున్నాను. ఆఖరి గడి ఖాళీగా వదిలేశాను. నావి వాటంతటవి ఆగలేదు కదా, గర్భసంచి తీయించేసుకున్నాను.

మా వైపు అదొక మామూలు తంతు. ముప్పై దాటాక నాలుగు నెలలు రక్తం ఎక్కువ పోతే చాలు, పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకంటారు. ముప్పై నాలుగేళ్ళప్పుడు సెలవులకి గుంటూరు వెళ్ళి, చీరల షాపింగ్‌కీ తిరుగు ఫ్లైట్‌కీ మధ్య ఆ పని కానిచ్చుకుని వచ్చాను.

డాక్టరమ్మ ఖాళీ గడి మీద వేలు పెట్టింది. సంగతి చెప్పాను. అండాశయాలు కూడా తీశారా అని అడిగింది. తెలియదన్నాను. నా ఒంట్లోంచి ఏం పోయిందో నాకే తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. ఆవిడ నా పాత పొట్ట స్కాన్ తీసి చూసి, రెండూ లేవంది. చిన్న వయసులో అవి పోయిన ఆడవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కొంత ఎక్కువేమోనని కొన్ని పరిశోధనలు అంటున్నాయట, కొన్ని కాదంటున్నాయట. నా మచ్చకి అదే కారణమని ఎవరూ చెప్పలేరట. మూడు నెలలాగి మళ్ళీ స్కాన్.

కారెక్కానే గానీ స్టార్ట్ చేయలేదు. గుంటూరులో మా చెల్లికి శుక్రవారం అదే ఆపరేషన్. వెనకాడుతుంటే పోయిన వారం నేనే కసిరాను, నేను గుండ్రాయిలా లేనా అని. కుదురుగా కూర్చోలేకపోయాను. దిగాను, కారు చుట్టూ తిరిగాను, మళ్ళీ ఎక్కాను. మచ్చ సంగతి మావాళ్ళెవరికీ చెప్పలేదు, చెప్పే ఉద్దేశమూ లేదు. అక్కడ పొద్దున్న ఏడయ్యేదాకా ఆగి ఫోన్ చేశాను.

"అండాశయాలు ఉంచడానికి కుదురుతుందేమో డాక్టర్ని అడగవే. ఏమేం తీస్తారో తెలుసుకోకుండా సంతకం పెట్టకు."

"అదేంటక్కా, ఏం కాదన్నావుగా?"

"అప్పుడు నాకు తెలీదు."

"మరిప్పుడెవరు చెప్పారు?"

ఫ్రెండ్ అనబోయాను. ఫ్రెండ్ మాటంటే ఇది చెవిన పెట్టదు, శుక్రవారం వెళ్ళి పడుకుంటుంది.

"నా డాక్టర్ చెప్పింది" అన్నాను. "నా ఊపిరితిత్తిలో ఏదో కనబడిందే."



"శుక్రవారం వెళ్ళనులే" అంది. "ముందు నీ సంగతి చెప్పు."