ఓడ రాని దీవి

మొన్న వాన పడుతున్న సాయంత్రం పాలు తాగడానికి పిలిస్తే మా మనవరాలు రాలేదు. బడిలో ఇచ్చిన ప్రపంచపటం చాపను హాల్లో పరిచి పక్కింటి పిల్లలతో ఆడుతోంది. మూడోసారి పిలిచేసరికి విసుక్కుంటూ, "నేను జపాన్‌లో ఉన్నా నానమ్మా, కదిలితే అవుటైపోతా" అంది. చేతిలో ఉన్న పాలు దానికివ్వకుండా తీసుకెళ్ళి సింకులో ఒంపేశాను. కోడలు చూసి, బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగింది. వేసుకున్నానని చెప్పి గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. దీనికి మాత్ర లేదని ఆమెకు ఎలా చెప్పను?

ఉద్యోగంలో చేరిన కొత్తలో జగ్గయ్యపేట అవతల, సున్నపురాయి క్వారీల పక్కనున్న చిన్న ఊళ్ళో మూడో తరగతికి చెప్పేదాన్ని. రోజూ నందిగామ నుంచి బస్సులో వెళ్ళి రావడం. ఆ రోజుల్లో పంతులమ్మ ఉద్యోగం చేసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, సాయంత్రం ఆ ఒక్క బస్సూ తప్పిపోతే ఇంక అంతే సంగతులు. బడికి ఉన్న ఒక్క ప్రపంచపటాన్నీ చెదలు తినేయడంతో, ముగ్గుపిండితో ఆవరణ నిండా దేశాలు గీసి ఆడించాలని నాకు తట్టింది. విజయవాడ దాటి ఎరగని నేను పిల్లలకు రష్యా, బ్రెజిల్ పంచిపెట్టేదాన్ని, పుట్టింటి ఆస్తిలాగా! జట్లుగా విడిపోయి ఒక్కో దేశంలో నిలబడాలి, అక్కడ ఏం పండుతుందో, ఏం తింటారో సరిగ్గా చెబితే వాళ్ళ దగ్గరికి ఓడ వస్తుంది. ఓడంటే మరేం లేదు, నా పాత చీరను తాడులా పేని కొసలు ముడేస్తే, అందులో నలుగురు దూరి "భోం" అంటూ పరుగెత్తడమే. ఓడ రాకుండా గీత దాటితే సముద్రంలో పడ్డట్టే. పిల్లలు తోసుకుంటున్నారని ఆ నియమం నేనే పెట్టాను, కళ్ళెర్రజేసి మరీ పెట్టాను.

క్వారీలో రాళ్ళు కొట్టే వాళ్ళ పిల్ల ఒకతి అప్పటికి రెండు నెలలుగా బడికి వస్తోంది. నోట్లో నాలుక లేనట్టుండేది. జపాన్ జట్టులో వేశాను. జపానంటే దీవులు కదా, విడివిడిగా గీసి, అన్నిటికంటే చిన్నదాంట్లో, నీళ్ళతొట్టి వెనకాల, ఆ పిల్లను ఒక్కదాన్నే నిలబెట్టాను. అంత చోటు తన ఒక్కదానికేనా అన్నట్టు చుట్టూ చూసుకుని నవ్వింది. ఆ నవ్వు నాకింకా కనిపిస్తూనే ఉంటుంది.

ఆట మధ్యలో ఆకాశం ఒక్కసారిగా మూసుకొచ్చింది. గంట కొట్టేశారు. పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని ఇళ్ళకూ, నేను గొడుగు తీసుకుని బస్సుకూ పరుగో పరుగు. ఆట అయిపోయిందని ప్రత్యేకంగా ఎవరికైనా చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

మర్నాడు బడి ఊడ్చే ఆయమ్మ ఎదురొచ్చి చెప్పింది. "పొద్దుగూకే యేళ తాళం ఎయ్యడానికొస్తే ఆ పిల్ల తొట్టెనకాల తడుస్తా నించునుందండి. ముగ్గంతా కొట్టుకుపోయినా కదల్లేదు. టీచరుగారు ఓడ పంపితేనే వస్తానంటదండి!" చివరికి ఆయమ్మే తన కొంగు ఆ పిల్ల చుట్టూ తిప్పి, ఇదే ఓడని నమ్మించి, గుడిసె దాకా దిగబెట్టి వచ్చిందట.

అది విని నేను నవ్వాను. రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, ఆ సాయంత్రం బస్సులో తోటి టీచర్లకు కూడా చెప్పి నవ్వించాను, నా మాటంటే మా పిల్లలకు ఎంత గురో చూడండని గొప్పలు పోయాను. ఆ పిల్ల ఆ రోజు రాలేదు, తర్వాతా రాలేదు. జ్వరమని ఎవరో అన్నారు. వెళ్ళి చూడాలనుకుంటూనే, బస్సు వేళ అయిందని రోజూ వాయిదా వేశాను. వారం తిరిగాక ఆయమ్మను వెంటబెట్టుకుని వెళితే గుడిసె లేదు, పొయ్యిరాళ్ళు మూడు మిగిలాయి. మేస్త్రీ వాళ్ళను వేరే పనికి తీసుకెళ్ళాడన్నారు క్వారీ వాళ్ళు, నల్గొండ వైపని ఒకరు, గుంటూరు వైపని ఒకరు. పిల్లకు జ్వరం తగ్గిందా అని అడిగితే, ఏమోనండి అన్నారు. ఈనాటికీ నాకు తెలిసింది ఆ ఏమోనే.

రిటైరైన రోజు నందిగామలో శాలువా కప్పి ఆ దేశాల ఆటనే అందరూ పొగిడారు. ఆ పిల్ల సంగతి చెబుదామని లేచి, ధన్యవాదాలు చెప్పి కూర్చున్నాను. ఇప్పటికీ జగ్గయ్యపేట బస్టాండులోనో, వేదాద్రి గుడి మెట్ల దగ్గరో నలభై దాటిన ఆడమనిషి ఎవరైనా ఊరికే నిలబడి ఉంటే, నా కాళ్ళు అటే పోతాయి. దగ్గరికెళ్ళి ఏమని అడగను? ఆ పిల్ల పేరు తప్ప నాకేమీ తెలియదు, బతికుందో లేదో కూడా.

ఇప్పుడు మనవరాలి బడిలో గేటు దగ్గర సంతకం పెడితే గానీ పిల్లను పంపరు, వ్యాను బయల్దేరితే ఫోనుకు మెసేజీ వస్తుంది. అది మోగినప్పుడల్లా ప్రాణం కుదుటపడుతుంది. ఆ రోజుల్లో మా మాటే పిల్లలకు గేటూ తాళమూ. అంత నమ్మకాన్ని చేతిలో పెట్టుకుని బస్సు కోసం పరుగెత్తాను.

మొన్న వాన పెద్దదయ్యాక మళ్ళీ హాల్లోకి వచ్చి, ఆట అయిపోయింది, అందరూ ఇళ్ళకు వెళ్ళొచ్చని చెప్పాను. పిల్లలు గునుస్తూ లేచారు, మనవరాలు మూతి ముడుచుకుంది. వాళ్ళు వెళ్ళిపోయాక వీధి తలుపు దగ్గర నిలబడి, వానలోకి చూస్తూ, అదే మాట ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా అన్నాను.