వాలు తీసిన సముద్రం

ఆఫీసులో ఆమెను అందరూ పటాలక్క అంటారు. గడ్డకట్టిన సముద్రానికి పటాలు గీయడం ఆమె పని. ఆ సముద్రాన్ని ఆమె ఎన్నడూ కళ్లారా చూడలేదు. అయినా పగలంతా దాని మీదే తిరుగుతుంది. చల్లారిపోయిన టీ పక్కన పెట్టుకుని, కంప్యూటర్ తెర మీద మంచు పలకల మధ్య నల్లటి నీటి పాయల వెంట చూపు నడుపుకుంటూ పోతుంది. కొన్నాళ్లకు ఆ సముద్రం ఇంటికి కూడా రావడం మొదలుపెట్టింది. దుప్పటి దులిపితే మడతల్లో మంచు దిబ్బలు లేచేవి. పాల మీద మీగడ చీలితే, ఓడ పట్టేంత సందు ఎటుందా అని కళ్లు వాటంతటవే వెతికేవి.

"మళ్లీ వెళ్లిపోయావా?" అనేవాడు భర్త. "వచ్చేటప్పుడు ఓ గడ్డ పట్రా. కుండలో నీళ్లు చల్లగా లేవు."

ఆయన గోడలకు రంగులు వేసే మేస్త్రీ. ఆమె ఒకప్పుడు ఫొటో స్టూడియోలో ముఖాల మీద నీడలు సరిచేసేది. తర్వాత ఈ ఆఫీసులో బొమ్మలు సర్దిపెట్టే పనికి చేరింది. పక్కవాళ్ల భుజాల మీదుగా చూసి, అడిగి, చెడగొట్టి, మళ్లీ చేసి పని పట్టుకుంది.

ఆ బొమ్మలు పంపే ఉపగ్రహం తిన్నగా కిందికి చూడదు. పక్కకి వంగి, రాడార్ తరంగాలను సముద్రం మీదికి వదిలి, తిరిగొచ్చిన వాటితో బొమ్మ కడుతుంది. మబ్బయినా చీకటైనా దానికి ఒకటే. కాకపోతే తనకు దగ్గరగా ఉన్న అంచు బాగా మెరుస్తుంది, దూరపు అంచు మసకబారుతుంది. ఒకే మంచు ఇటు వెండిలా, అటు బూడిదలా కనిపిస్తుంది. ఆ తేడా మంచుది కాదు, చూసిన కోణానిది. దగ్గరి వెలుగు తగ్గించి, దూరపు వెలుగు పెంచి, అంతా ఒకే కోణం నుంచి చూసినట్టు చేయడాన్ని ఆఫీసులో వాలు తీయడం అంటారు. పటాలక్క వాలు తీస్తే బొమ్మలో అతుకు కనబడదని పేరు.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు పట్టింది. కిటికీ అద్దాల మీద నీళ్లు జారుతుంటే ఊరంతా నిద్దట్లో కదులుతున్నట్టుంది. ఆఫీసు పెద్దాయన ఆమె కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, మీ తమ్ముడి ఓడ మంచు అంచున ఆగి ఉంది. కొత్త బొమ్మ వచ్చింది. లోపలికి దారి ఉందేమో చూడు. మధ్యలో ఇరుక్కున్నారంటే మంచు రెండు పక్కల నుంచీ నొక్కేస్తుంది."

తమ్ముడు ఆ ఓడలో వంటవాడు. ఉత్తరాన ఉన్న ఒక స్థావరానికి సరుకులు మోసే ఓడ అది.

బొమ్మలో ముప్పావు వంతు నీళ్లే. మంచు మాత్రం ఉపగ్రహానికి దగ్గరి అంచున, బారుగా పరిచిన పరుపులా ఉంది. ఆమె బొమ్మ మొత్తానికి వాలు ఎంతో లెక్క కట్టి, మొత్తం మీదా తీసేసింది. సముద్రం ఈ చివర నుంచి ఆ చివరకు నునుపు తేలింది. మంచులో, బొమ్మ అంచు వెంబడి, నల్లగా తిన్నని దారి ఒకటి తెరుచుకుంది.

"దారి ఉంది," అన్నాడు పెద్దాయన, ఊపిరి వదిలి. "ఎంత శుభ్రంగా వచ్చిందో. గీసి పంపించెయ్."

ఆమె గీసి పంపింది. భోజనాలు కాగానే బయల్దేరతామని ఓడ నుంచి జవాబు వచ్చింది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి భర్త ముందు గదిలో బ్రష్షు పట్టుకుని ఉన్నాడు. ఊళ్లో గోడలన్నీ అయ్యాక ఇప్పటికి సొంత గోడకు మోక్షం కలిగింది.

"గుమ్మంలోంచే చూసి చెప్పు. ఎలా ఉంది?"

"బాగుంది."

"కిటికీ దగ్గరికొచ్చి చెప్పు."

వెళ్లింది. అక్కణ్ణించి చూస్తే గోడ మధ్యలో తువ్వాలంత మచ్చ.

"రంగు ఒకటేగా?"

"రంగు ఒకటే. కింద ఉన్నది వేరు. పాత సున్నం ఒకలా పీలుస్తుంది, మొన్న పెట్టిన పుట్టీ ఒకలా పీలుస్తుంది. రెండింటికీ ఒకటే చెయ్యి రంగు వేశాను, బుద్ధి తక్కువై."

ఆమె ఆ మచ్చను చూస్తూ ఉండిపోయింది. మచ్చ చుట్టూ గోడ మెల్లగా మంచు అయింది. పొద్దున తెరుచుకున్న దారి గుర్తొచ్చింది. బొమ్మ అంచు వెంట, అంటే ఉపగ్రహం వెళ్లిన దారికి సమానంగా, గీత గీసినట్టు పోయిన దారి. మంచు పగిలితే వంకరటింకరగా పగులుతుంది గానీ, ఉపగ్రహం వెళ్లే దారిని చూసుకుని పగలదు కదా.

గొడుగు తీసుకుంది.

"తినకుండా ఎక్కడికి?"

"మంచులోకి."

పెద్దాయన ఆఫీసు మెట్ల మీదే ఎదురయ్యాడు. ఆమె ఆయాసంతోనే చెప్పింది. "నీళ్ల వాలు లెక్కనే మంచుకి కూడా వేశానండీ. కోణం మారేకొద్దీ నీళ్లు గబగబా మసకబారతాయి, మంచు నిదానంగా. బొమ్మంతా నీళ్లే కాబట్టి నీళ్ల లెక్కే వచ్చింది. దాంతో దగ్గరి మంచులో వెలుగు మరీ ఎక్కువ లాగేశాను. అది దారి కాకపోవచ్చు."

"కాకపోవచ్చా, కాదా?"

"ముందు ఓడని ఆపండి. తర్వాత చెప్తా."

ఆయన వెంటనే ఫోన్ వైపు నడిచాడు.

ఆమె నీళ్లనూ మంచునూ విడదీసింది. నీళ్లకు నీళ్ల వాలు, మంచుకు మంచు వాలు తీసింది. నల్లటి దారిలోకి తెలుపు మెల్లగా, పాలు పోసినట్టు నిండింది. అక్కడ దారి లేదు. నిన్న ఉపగ్రహం అదే మంచును అవతలి పక్క నుంచి చూసిన బొమ్మ తీసి పక్కన పెట్టింది. అందులోనూ లేదు. రెండింట్లోనూ ఉన్నది ఇంకో పాయ. చాలా దూరం చుట్టి, వంకలు తిరుగుతూ పోయేది. దాన్నే గీసింది. ఈసారి నీళ్లూ మంచూ కలిసేచోట సన్నటి గీత మిగిలిపోయింది.

"అతుకు కనబడుతోంది," అన్నాడు పెద్దాయన.

"కనబడనీండి," అని ఓడకు పంపేసింది.

ఆగమన్న కబురుకు ఓడ నుంచి జవాబు రాలేదు. ముసురులో కిటికీ బయట వీధి కరిగిపోయింది. ఆ తెల్లదనంలో ఓడ ముక్కు చప్పుడు లేకుండా జరుగుతోంది. లోపల తమ్ముడు ఉల్లిపాయలు తరుగుతూ, జారిపోతున్న గిన్నెను మోచేత్తో ఆపుతున్నాడు. ఆమె రెండు చేతులూ బల్ల మీద ఆనించి కూర్చుంది, బల్ల కదిలితే ఓడ కదులుతుందేమో అన్నట్టు.

చీకటి పడబోతుండగా కబురొచ్చింది. ముక్కు దూర్చారట. మంచు తగిలిందట. సరిగ్గా అప్పుడే ఆగమన్న కబురు అందడంతో వెనక్కి తీశారట. ఓడకు దెబ్బేం లేదు.

ఆమె ఇంటికొచ్చి చల్లారిన భోజనం ముందు కూర్చుంటే తమ్ముడి ఫోన్.

"అక్కా, ఈ చుట్టు దారి గీసిన మహానుభావుడెవరో గానీ, చేరేసరికి నా గడ్డం మోకాళ్ల దాకా పెరుగుతుంది. కూరగాయలు నిండుకున్నాయి. అందరూ తిడుతున్నారు. నేనూ రెండు కలిపాను."

"కలుపు. పొద్దున ఆ తప్పుడు దారి గీసింది కూడా ఈ మహానుభావురాలే. దానికింకో రెండు."

"బావ ఉన్నాడా పక్కన?" అన్నాడు తమ్ముడు. "నీకు తిండి పెట్టమను ముందు."

"పెడతాడులే. నీకేం కనబడుతోంది చెప్పు."

"వంటింటి కిటికీలోంచి ఏం కనబడుతుందే, అంతా తెల్లగా ఉంది. ఉండు, అటు పక్కకెళ్లి చూస్తా."

గిన్నెల చప్పుడు, ఇనుప నేల మీద అడుగులు వినిపించాయి. తలుపేదో తెరుచుకుని గాలి హోరు ఆమె చెవిలోకి వచ్చింది.

"ఇటు నీళ్లున్నాయక్కా. నల్లగా, చాలా దూరం దాకా."

ఆమె కళ్లు మూసుకుంది. మచ్చను గీకుతున్న భర్త గోడ వైపే తిరిగి ఉండి అడిగాడు.

"చేరావా?"

"లేదు," అంది. "దారిలో ఉన్నాం."