మేకెందుకు మునుగుద్ది

సూర్యకళ ఇప్పుడు భీమునిపట్నం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచరు. పుట్టి పెరిగింది విశాఖ జాలరిపేటలో. తండ్రి అప్పలసూరి సముద్రం మీద వేటకెళ్లేవాడు. తల్లి గంగాలమ్మ చేపలమ్మేది.

ఇంటర్‌లో ఫిజిక్స్ అంటే సూర్యకళకి గుండె దడ. ఆ భయంతోనే సూత్రాలన్నీ కంఠతా పట్టింది. బస్సులో ఉన్నా, కుళాయి దగ్గర నిలబడ్డా పెదాలు ఆడుతూనే ఉండేవి. అరవైకి అరవై వచ్చాయి. వీధి మొదట్లో ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. లెక్చరర్ వాసు గారు శాలువా పట్టుకుని ఇంటికొచ్చారు. వాకిలంతా జనం.

అప్పలసూరి ముచ్చటపడి కూతుర్ని అడిగాడు. "అమ్మా, సిన్న మేకు నీళ్లలో ఏస్తే మునిగిపోద్ది. అంతెత్తు ఇనపోడ ఎలా తేల్తంది? సిన్నప్పట్నించీ నాకిది తెల్దు."

సూర్యకళ గుక్కతిప్పుకోకుండా చెప్పింది. "నీటిలో మునిగిన వస్తువు కోల్పోయినట్టు కనిపించే బరువు, అది తొలగించిన నీటి బరువుకి సమానం."

"మేకు కూడా నీళ్లు తొలగిత్తాది కదమ్మా. మరదెందుకు తేల్దు?"

పుస్తకంలో ఆ వాక్యం తర్వాత లెక్క ఉంది, జవాబు లేదు. అందరూ తనవంకే చూస్తున్నారు. సూర్యకళ మొహం చిట్లించి, "సదువుకోనోళ్లకి సెప్తే ఏటర్థమవుద్ది నాన్నా" అంది.

వాసు గారు నవ్వారు. ఆయనతోపాటు వాకిట్లో వాళ్లూ నవ్వారు. అప్పలసూరి కూడా నవ్వబోయి, కూల్‌డ్రింకులు తెస్తానని లోపలికెళ్లిపోయాడు.

మర్నాడు అంట్లు తోముతూ సూర్యకళ ఖాళీ గిన్నెని టబ్బులోకి నొక్కింది. నీళ్లు అరచేతిని కిందనుంచి ఎదురు తోశాయి. గిన్నె దిగేకొద్దీ నీళ్లు టబ్బు అంచు దాటి కాళ్ల మీద పడ్డాయి. గరిటె వేస్తే కాసిని నీళ్లే జరిగాయి, అది చప్పున అడుక్కి పోయింది. గిన్నె లోపలంతా బోలు. అందుకే తన బరువుకి సరిపడా నీళ్లని పక్కకి నెట్టగలుగుతోంది. ఓడా అంతే. గరిటెకి, మేకుకి ఆ బోలు లేదు. ఏడాదంతా వల్లించినది ఇదా అనుకుంది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. తండ్రి అడిగింది సరిగ్గా ఇదే.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న అప్పలసూరి దగ్గరికెళ్లి కూర్చుంది.

"నాన్నా, నిన్న నాకూ తెల్దు. తెల్దని సెప్పలేక నిన్ను అలాగన్నాను."

అతను వల మీంచి తలెత్తలేదు. "నాకప్పుడే తెలిసిందమ్మా. నానే నలుగుర్లో అడక్కుండా ఉండాల్సింది."

తిట్టి ఉంటే బాగుండేది. సూర్యకళ తలొంచుకునే గిన్నె సంగతి చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు, బాగుందన్నాడు.

ఇప్పుడు క్లాసులో పిల్లలు తనకి రానిది అడిగితే, "నాకు తెలీదు, రేపు చూసి చెప్తాను" అంటుంది. ఇన్నేళ్లయినా ఆ మాట అనే ముందు చెవులు వేడెక్కుతాయి. అప్పలసూరి మాత్రం ఆ రోజు తర్వాత ఆమెని చదువు సంగతి ఒక్కటీ అడగలేదు.