మావయ్య తోట గేటుకి నేను కొట్టిన బోర్డు

పి.గన్నవరంలో మా మావయ్య కొబ్బరితోట పరువు నా చేతుల మీదుగా ఎలా పోయిందో చెబుతాను. మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. నాకు మాత్రం ఇప్పటికీ సిగ్గే.

అప్పుడు నేను మావయ్య ఇంట్లోనే ఉంటూ, అమలాపురంలో ఒక ఆసుపత్రిలో, థైరాయిడ్ స్కాన్ దగ్గర కొత్త టెక్నీషియన్ని. రోగికి ఇచ్చే మందులో కాస్త రేడియేషన్ ఉంటుంది. అది తగిలిన గ్లౌజులూ, దూదీ సంచుల్లో కట్టి, ఆ రేడియేషన్ తగ్గేదాకా విడిగా ఉంచాలి. ఒకరోజు డాక్టరుగారు "గది నిండిపోయిందయ్యా, ఇంకో చోటు చూడు" అన్నారు. ఎక్కడండీ అని అడిగితే నా తెలివికి నామోషీ కాదూ!

మా వైపు ఇంట్లో పనికిరానిదల్లా కొబ్బరిచెట్టు మొదట్లోకే వెళ్తుంది. పొయ్యిలో బూడిదా అంతే, చేపలు కడిగిన నీళ్లూ అంతే. నేనూ ఆ లెక్కనే మావయ్య దగ్గరికి పరిగెత్తాను.

"తోటలో ఓ మూల గొయ్యి కావాలండీ మావయ్యా. ఆసుపత్రి చెత్తకి."

"ఆయ్, దానికేం బాబూ! చెట్లకి బలమేనా?"

"బలం సంగతి తెలీదండీ. ప్రమాదం మాత్రం పెద్దగా లేదు."

ఒక్క సంచీ రాకముందే, పద్ధతైన మనిషిని కదా, గేటుకి పసుపుపచ్చ బోర్డు కొట్టేశాను: 'రేడియేషన్ ఉంది, జాగ్రత్త'.

మర్నాడే తోటలో కొబ్బరికాయల దింపు. ఆ కాయలు అమ్మితేనే అత్తయ్య కంటి ఆపరేషన్. చెట్లెక్కి కాయలు దించే దింపువాళ్లు బోర్డు చూసి గేటు దాటలేదు. కంగారుగా డాక్టరుగారికి ఫోన్ చేశాను.

"తోటేమిటయ్యా! సంచులు ఆసుపత్రి గడప దాటకూడదు. నేను చూడమన్నది మన మెట్ల కింద గది!"

బోర్డు పీకేశాను. "చెత్త అసలు రాలేదండీ! కావాలంటే ఈ తోట బొండాలే తాగి చూపిస్తాను" అన్నాను దింపువాళ్లతో.

"ఆయ్, తమరు కానివ్వండి. మేం చూస్తాం" అన్నారు ఎంతో మర్యాదగా.

పరగడుపున ఎనిమిది తాగాను. తొమ్మిదోది చేతిలో ఉండగా కడుపులో గోదావరి పొంగింది. తోటలో ఉన్న పాక వెనక్కి పరుగో పరుగు.

"చూసేరా, రేడియేషన్ పట్టేసిందండీ!" అన్నారొకరు. అందరూ సైకిళ్లెక్కి వెళ్లిపోయారు.

డాక్టరుగారే రేడియేషన్ కొలిచే మీటరు పట్టుకొచ్చి తోటంతా తిరిగి చూపిస్తే గానీ వాళ్లు చెట్టెక్కలేదు. అత్తయ్య ఆపరేషన్ నెల వెనక్కి పోయింది. ఆ నెలంతా ఆవిడ తడుముకుంటూనే నాకు అన్నం వడ్డించింది. తిట్టినా బాగుండేది.

కాబట్టి పెద్దలందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై 'ఎక్కడండీ' అని అడగకుండా ఏ పనీ మొదలుపెట్టను. నా నిజాయితీ రుజువు చేసుకోవాల్సివస్తే ఒక్క బొండంతోనే సరిపెడతాను.