బుధవారం వరుసలో మా అక్క

విరుదునగర్‌లో నాకిచ్చిన బంగళాలో ఎన్ని గదులున్నాయో నేనింకా సరిగా తిరిగి చూడలేదు. ఒక గదిలో పడుకుంటాను, ఒక గదిలో ఫైళ్లు చూస్తాను, వరండాలో కాఫీ తాగుతాను. మిగిలిన గదుల్లో నాకంటే ముందున్న అధికారులు వదిలేసి పోయిన క్యాలెండర్లు, తీగలు తెగిన షటిల్ బ్యాట్లు ఉన్నాయి. గేటు దగ్గర సెంట్రీ, వంటింట్లో ఒకామె, ఫోన్లు ఎత్తడానికి మనుషులు. ఇంతమంది మధ్య నీకు ఒంటరితనమేమిటని మా ఆయన ఫోన్లో ఎగతాళి చేస్తాడు. ఆయన కోయంబత్తూరులో కాలేజీ లెక్చరర్. తమిళుడు. పెళ్లయిన కొత్తలో తెలుగు నేర్చుకోమని అడిగితే, “ఎవరితో మాట్లాడాలి, నీతోనేనా? తమిళంలోనే నీమీద గెలవలేకపోతున్నాను” అన్నాడు. అది నిజమే కాబట్టి ఊరుకున్నాను. నేను ఊరుకున్న సందర్భాలు చాలా తక్కువ.

నాకు తెలుగులో మాట్లాడుకోవడానికి మిగిలింది అక్క ఒక్కతే. ఇక్కడి నుంచి గంట దూరంలో, కోవిల్‌పట్టిలో, మేం పుట్టిన వీధిలోనే ఉంటుంది. అమ్మ పోయాక నన్ను చదివించింది ఆమే. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లల్ని చట్రాల్లో పేర్చి పేర్చి ఆమె చేతివేళ్లు ముందుకే వంగిపోయాయి. నేను కాలేజీకి వెళ్లి, పోటీ పరీక్ష రాసి, డీఎస్పీనై, ఒక్కో మెట్టే ఎక్కి జిల్లా పోలీసు అధికారినయ్యాను. తమిళనాట ఏ అధికారికీ సొంత జిల్లా ఇవ్వరు. కోవిల్‌పట్టి పక్క జిల్లాలో ఉంది కాబట్టి విరుదునగర్ నాకు దక్కింది. ఉద్యోగంలో అక్కకు ఇంత దగ్గరగా రావడం ఇదే మొదటిసారి.

రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసేది.

“ఏమే, తినిండావా?”

“లేదక్కా, మీటింగు ఉండె.”

“మీటింగు కడుపు నింపుతాదా? ఆ వంటామె చారు ఇంకా నీళ్లుగానే పెడతా ఉందా? నీవు ఊరంతా మిరట్టేది, ఆయమ్మని మిరట్టలేవా?”

మిరట్టడమంటే బెదిరించడం. మా తెలుగులో సగం తమిళమే. పదోన్నతి మీద హైదరాబాదుకు శిక్షణకు వెళ్లినప్పుడు, పట్టుబట్టి తెలుగు చదవడం, రాయడం అక్కడే నేర్చుకున్నాను. నేను నోరు విప్పితే అక్కడి తోటి అధికారులు ముసిముసిగా నవ్వేవారు. మీది తాతల కాలం నాటి తెలుగండీ అని ఒకాయన మెచ్చుకున్నట్టు అన్నాడు. తాతలు మాకూ ఉన్నారు, వాళ్లు మాకు ఇచ్చిన ఆస్తి అదొక్కటే అన్నాను. ఆ తర్వాత ఆయన నా బల్ల దగ్గర కూర్చోలేదు.

ఇక్కడ మాత్రం యూనిఫాంలో ఉండగా తెలుగు మాట్లాడను. ఇది నేను పెట్టుకున్న నియమం. మొదటి పోస్టింగులో ఒక పెద్దాఫీసరు చెప్పాడు: “ఈ దక్షిణ జిల్లాల్లో ఎవరైనా అధికారిని ముందు కులంతో కొలుస్తారు. నీ నోటి నుంచి ఇంటి భాష వింటే చాలు, కొలత అయిపోతుంది.” ఆయన చెప్పింది అక్షరాలా జరుగుతుంది. తెలుగు అని తెలియగానే తర్వాతి ప్రశ్న, ఏ తెలుగు? నల్లరేగడి పొలాలున్న తెలుగా, ఆ పొలాల్లో కూలికి పోయే తెలుగా? మాది రెండోది. అది తెలిశాక నేను ఏ కేసు ఎటు తేల్చినా ఒక పక్షం వాళ్లు ‘అందుకే’ అంటారు. ఆ ‘అందుకే’ అనే మాటకు చోటివ్వకూడదని ఇన్నేళ్లూ నోరు కట్టుకున్నాను. తెలుగు జనం చేరే పాంచాలంకురిచ్చి ఉత్సవానికి బందోబస్తుకు వెళ్లినప్పుడు, జనంలో తప్పిపోయిన ఒక ముసలామె నా చేయి పట్టుకుని అచ్చం మా అమ్మ మాటతీరులో ఏడ్చింది. తమిళంలోనే సముదాయించాను. ఆమెను ఆమె వాళ్ల దగ్గరికి చేర్చాను కదా? చేర్చడానికి భాషతో పనేముంది?

అక్కకు ఈ నియమం మొదటి నుంచీ తెలుసు. ఆఫీసుకు ఎప్పుడైనా వస్తే తమిళంలోనే మాట్లాడమని చెప్పి ఉంచాను. ఆమె ఎప్పుడూ రాలేదు. వచ్చే అవసరం ఆమెకు ఈ ఏడు కలిగింది.

అక్క కొడుకు చిన్న సరుకు బండి నడుపుతాడు. కారియాపట్టి సంతలో ఉల్లిపాయల బస్తాలు దించుతుండగా బండి వెనక తలుపు ఊడి ఒక వ్యాపారి భుజం మీద పడింది. తిట్లు మొదలై చేతులదాకా వెళ్లాయి. వ్యాపారికి ఎముక విరిగింది. అక్క కొడుకు మీద కేసు పెట్టి, బండిని స్టేషన్లో ఉంచారు. కారియాపట్టి నా జిల్లాలోది.

“ఒకే ఒక ఫోను,” అంది అక్క. మా ఇంట్లో బండిని వండి అంటాం. “వండి వదలమని చెప్పితే చాలు. కేసు ఎట్లా పోతే అట్లా పోనీ.”

“వండి కోర్టు చేతిలో ఉందక్కా. లాయర్ని పెట్టుకోని కోర్టులో అడగాల. ఇన్‌స్పెక్టరుకే ఆ అధికారం లేదు, నేను చెప్పి ఏమి లాబం?”

“నీవు చెప్పితే లాబం లేదా? నీవు తుమ్మితే జిల్లా అంతా గుడ్డ పట్టుకోని నిలబడతాదే.”

“ఆ ఎముక ఇరిగినాయనకూ ఒక అక్క ఉంటాది. ఆయమ్మ ఎవురికి ఫోను చెయ్యాల?”

“నాకు సట్టం చెప్పొద్దు. నేను సుమ్మా, ఊరికే ఒక ఫోను అడిగినా.”

రోజూ ఇదే. మూడో రోజో నాలుగో రోజో నా నోరు దాటింది. “నాకు అందురూ ఒకటే. నీవైనా సరే, బుదవారం వచ్చి వరసలో నిలబడాల్సిందే.”

“అట్లనా?”

“అట్లనే.”

“సరి,” అని ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రం నుంచి ఫోన్ రాలేదు. నేను చేసినా ఎత్తలేదు. నేను అన్నదాంట్లో తప్పేముందో ఇప్పటికీ ఎవరైనా చెబితే వింటాను. చట్టంలో అక్కలకు విడిగా ఒక సెక్షన్ లేదు. కానీ ఏడు గంటలయ్యేసరికి ఆ బంగళాలో తిరగడానికి నాకు చోటు చాలేది కాదు. మా తెలుగులో తిట్టుకునే మాటలు కొన్ని ఉన్నాయి, వాటికి తమిళంలో ఆ రుచి ఉండదు. అద్దం ముందు జడ వేసుకుంటూ ఒకసారి నన్ను నేనే తిట్టుకున్నాను. వంటామె తొంగి చూసి, “పిలిచారా మేడం?” అని అడిగింది.

బుధవారం మనవులు వినే రోజు. హాల్లో జనం కాగితాలను ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని వరుసగా కూర్చుంటారు. నా పద్ధతి ఒకటుంది. వచ్చిన మనిషిని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ల ముందే సంబంధిత అధికారికి ఫోన్ చేసి, ఇద్దరి మాటా ఇద్దరికీ వినిపిస్తాను. గొర్రెలు పోయిన ఒక పెద్దాయన పని చూసి తలెత్తేసరికి తర్వాతి మనిషి మా అక్క. ఇస్త్రీ చేసిన నీలం నూలు చీర, చేతిలో కవరు. నేను కొనిచ్చిన పట్టుచీరలు ఇంట్లో ఉన్నాయి. అవేవీ కట్టలేదు.

“వణక్కం మేడం,” అంది.

అక్కడి నుంచి అంతా తమిళమే. తన పేరు చెప్పింది, ఊరు చెప్పింది, కొడుకు పేరు చెప్పింది. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌తో మాట్లాడే తమిళం అది, మాట మాటకూ ‘మేడం’. నా ముఖంలోకి చూసే మాట్లాడింది. ఆ కళ్లలో పరిచయమన్నది ఒక్క చుక్క కనపడలేదు. నేనూ “ఉక్కారుంగమ్మా” అని కుర్చీ చూపించాను. తోడబుట్టినదాన్ని మీరు అని పిలిచి కూర్చోమన్నాను.

సొంత మనిషి మనవి నేను చూడకూడదు. కాగితాన్ని పక్కనున్న అదనపు అధికారికి జరిపి, “ఇది మీరు చూడండి” అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన మంచి మనిషి. బండి కోర్టు ఆధీనంలో ఉందని, అక్కడే దరఖాస్తు పెట్టుకోవాలని, లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే ఉచిత న్యాయ సహాయం ఉందని ఓపికగా వివరించాడు. నేను ఫోన్లో చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్న మాటలే. అక్క వాటిని మొదటిసారి విన్నట్టు తలూపుతూ విన్నది. ఆయనకు దండం పెట్టింది. నాకూ పెట్టింది. వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఆదివారం కోవిల్‌పట్టి వెళ్లాను. జిల్లా దాటాలంటే పై అధికారి అనుమతి కావాలి. కారణం అడిగితే ‘సొంత పని’ అన్నాను. కారు నాదే, డ్రైవర్ మాత్రం కానిస్టేబుల్. వీధి మొదట్లో ఆపమంటే వినకుండా గుమ్మం దాకా తెచ్చాడు.

అక్క తలుపు తీసింది. “వాంగ మేడం, ఉక్కారుంగ.”

ఆమె ఆ మధ్యాహ్నమంతా మాట్లాడింది తమిళమే. నేను దాన్ని తెలుగులో రాస్తున్నాను, ఆ ‘మీరు’ను మాత్రం అలాగే ఉంచుతున్నాను.

“అక్కా, ఈ ఏషం ఎందుకు?” అన్నాను.

“మంచినీళ్లు తాగుతారా మేడం? ఫ్యాను మీవైపు తిప్పనా?”

“నేను చెప్పింది సట్టం. నీవు చేసేది పగ.”

“మీరు పెద్ద చదువు చదివినవారు. మీరంటే సరిగానే ఉంటుంది.”

ఎదురింటామె అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ అంతా వింటోంది. అక్కతో పాటు ఫ్యాక్టరీలో పనిచేసినావిడ, మా అందరికీ అత్త వరుస.

“ఏందే ఇది?” అని అక్కడి నుంచే కేకేసింది. “పొద్దున కుళాయికాడ నన్ను తెలుగులో తిట్టినావు గదా. ఇప్పుడు అరవ టీచరమ్మ అయిపోతివా?”

“మేడం వచ్చినారు,” అంది అక్క, తమిళంలోనే.

“మేడమా? దీనికి ముక్కు తుడిచినదాన్ని నేను!”

“అత్తా, నీవైనా చెప్పు,” అన్నాను.

“నేనేమి చెప్పేది పాపా? మీ ఇద్దురికీ మీ అమ్మ నోరు. ఆయమ్మతో వాదించి గెలిచినోళ్లు ఈ వీదిలో లేరు.”

అక్క అన్నం పెట్టింది. నాకిష్టమని ఎండు వంకాయ పులుసు చేసింది. అంటే నేను వస్తానని తెలుసు. ఆదివారం సంతకు పోయి తెచ్చి వండి ఉండాలి. అంత చేసి కూడా ఇంకొంచెం వేసుకోమని తెలుగులో అనలేదు. నేను తెలుగులో అడిగాను, ఆమె తమిళంలో వడ్డించింది. బుధవారం నాడు ఆ హాల్లో ఎందుకు తమిళంలో బదులిచ్చానో, నేను అక్కా అని ఉంటే ఆ వ్యాపారి మనుషులు మర్నాడే ఏమనేవారో, ఆ మాట ఆమె కొడుకు కేసుకే ఎంత చెరుపో, అన్నీ చెప్పాను. చెయ్యి ఎండిపోయేదాకా చెప్పాను. ఆమె అంతా విని, గిన్నెలు తీస్తూ ఒక్కటే అడిగింది.

“మేడం, మీకు ఒక అక్క ఉన్నట్టు మీ ఆఫీసులో ఎవరికైనా తెలుసా?”

నేను ఎండిన చెయ్యి కంచంలోనే కడుక్కున్నాను.

అప్పుడే డ్రైవర్ గుమ్మం దగ్గరికి వచ్చి, కంట్రోల్ రూమ్ నుంచి కబురన్నాడు. సాత్తూరు వైపు ఏదో రాస్తా రోకో, వెళ్లాలి. నేను లేచాను. అతను అక్కడే నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్లలో ఇక్కడి ఒక్క పోలీసు ముందు కూడా రానివ్వని భాష నా నోట్లోకి దానంతట అదే వచ్చింది.

“పోయేసి వస్తా అక్కా,” అన్నాను గట్టిగానే. “వచ్చే ఆదివారమూ వస్తా. తలుపు తియ్యకపోతే అత్త అరుగు మీద కూచుంటా. నీవు అరవంలో తిట్టినా సరే, తిట్టాల.”

డ్రైవర్ నన్నూ, అక్కనూ మార్చి మార్చి చూశాడు. అక్క ముఖం కందింది. నన్ను దాటుకుని అతని దగ్గరికి వెళ్లి, తమిళంలో, ఎంతో మర్యాదగా అంది:

“తంబీ, మీ మేడం ఏదో భాషలో మాట్లాడుతున్నారు. నాకు తెలియలేదు. ఏం కావాలో కాస్త కనుక్కో నాయనా.”

ఎదురరుగు మీద అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కారు రైల్వే గేటు దాటేదాకా నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అక్క నా రహస్యాన్ని కాపాడుతోందా, నా చెంప మీద కొడుతోందా? రెండింటికీ వాదన తయారుచేసుకున్నాను, రెండింటినీ నేనే కొట్టేశాను. చివరికి ఫోన్ తీసి ఆమెకే చేశాను. ఈసారి ఎత్తింది.

“యారు?” అంది. ఎవరు అని.

“నేనక్కా,” అన్నాను.

గిన్నెలు తోముతున్న చప్పుడు వినపడింది. పెట్టేస్తుందని చూశాను, పెట్టలేదు. డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూసి చూపు తిప్పుకున్నాడు. సాత్తూరు వచ్చేదాకా నేను తెలుగులో మాట్లాడుతూనే ఉన్నాను.